రుమాలు కింద

మోండాలో పొద్దెక్కక ముందే
ఘాటెక్కుతుంది.
ధర్మాబాద్‌లో రైలాగితే
కిటికీ పక్కనోళ్ళు ముందు తుమ్ముతారు,
తర్వాతే ఊరి పేరు చదువుతారు.

నాది కాంటా కాడ కొలువు.
మరాఠీలో తూస్తాను, తెలుగులో తిట్టుకుంటాను,
చీటీ మీది అంకెలు మాత్రం
ఏ భాషవీ కావు.

కేర్బా తన మిరప కుప్ప ముందు గొంతుక్కూచున్నాడు.
నడుమెత్తు ఎరుపు.
కొని పెట్టిన మూడు తడులు, అమ్మిన ఒక కోడె,
పెండ్లాం చెవుల పోగులు
అందులోనే ఎక్కడో ఎండి ఉన్నాయి.
గుప్పెడు తీసి ఆడిస్తే గలగలమంటుంది,
గింజలే, చిల్లర కాదు.

సేఠు వచ్చి అడ్తీదారు చెయ్యి పట్టుకున్నాడు.
రెండు చేతుల మీదా ఒక రుమాలు.
రెండు వేళ్ళు నొక్కితే రెండొందలు,
పిడికిలి పడితే అయిదు,
అరచేతిలో గీస్తే సగం.
కేర్బాకు కనిపించింది
గుడ్డ కింద ఎలుక మెదిలినట్టు
ఓ చిన్న కదలిక.
ఆరు నెలల పంట
అంతలోనే అయిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ ముడతలు చదువుతున్నాను.
"ఎంతన్నరన్నా?" కళ్ళతోనే అడిగాడు.
నేను కాంటా ముల్లు వైపు చూశాను.
ముల్లే నయం,
వణికినా చివరికి చెబుతుంది.

షెడ్డులో తొడిమలు తీసే గోదాబాయికి
కిలో లెక్కన కూలి.
తొడిమ పోయిన కాయ ఓడెక్కుతుంది,
దాని రంగు ఏ దేశంలోనో
ఎవరి పెదాలకో పూస్తారట.
తొడిమ ఇక్కడే, పొయ్యిలోకి.
కంట్లో నలుసు పడిందని పిల్ల ఏడుస్తూ వస్తే
గోదాబాయి చేతులు వెనక్కి దాచుకుంది.
"ఊదుతా బిడ్డా, ముట్టను."

టీ కొట్టు టీవీలో కోటాయన
దేశం రాబడిలో సేద్యం వాటా
ఏటేటా తగ్గుతోందన్నాడు.
తగ్గిందేమో.
నా కాంటా ముందు వరస తగ్గలేదు.
తరిగిన ఆ రొట్టె చుట్టూ
అన్ని చేతులూ అట్లాగే ఉన్నాయి,
హమాలీవి, తొడిమలవి, బండివాడివి,
చీటీ రాసే నావి కూడా.

ఆ రాత్రి కొట్టు వెనకాల
కేర్బాకు ఒక మాట చెప్పాను.

తెల్లారి మిగతా తొమ్మిది బస్తాలతో వచ్చాడు.
రుమాలు పరుచుకుంది, ముడత పడింది.
నేను దగ్గాను.
మళ్ళీ దగ్గాను. ఏడుసార్లు.
మిరప మోండాలో
దగ్గును ఎవరు అనుమానిస్తారు?

కేర్బా టోపీ సర్దుకున్నాడు.
దబ్బనం తీసి
బస్తా మూతి మళ్ళీ కుట్టసాగాడు.