తడవని చెయ్యి

పుత్తూరు కట్టు. కుడిచెయ్యి.
ఇంకా కోడిగుడ్డు నీచు వాసన.
తడవకూడదు, అంతే అన్నాడు కట్టిన పెద్దాయన.
"ఈడిదాకా వచ్చి కోన చూడకుండా పోతావా సామీ"
అన్నాడు ఆటో దామోదరం.

దారిలో కోతులు, మురుకుల పొట్లాలు,
జడలు పిండుకుంటూ ఎదురొచ్చే ఆడపిల్లలు.
ఒక మలుపు దగ్గర
మా మాటలు మాకే వినపడలేదు.

గోతాం విప్పి వడ్లు గుమ్మరించినట్టు
కైలాసకోన నెత్తిన పడింది
మెడ మీద, వెన్ను మీద,
చాన్నాళ్ళుగా ఎవరూ తాకనిచోటల్లా.

కట్టు చేతిని మాత్రం
ధార బయట, బండ పక్కన
దామోదరం పట్టుకున్నాడు
పక్కింటి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు
కొంచెం బెరుగ్గా.

ఎంతసేపున్నానో.
కళ్ళు తుడుచుకుని చూస్తే
తుంపర్లకు అతను నిలువునా తడిసిపోయి ఉన్నాడు.
కట్టు పొడిగానే ఉంది.

వెయిటింగుకి యాభై ఎక్కువడిగాడు.
ఎడమచేత్తోనే ఇచ్చాను.
కళ్ళకద్దుకున్నాడు.