రాయి కంటే సల్లగా

యర్రగుంట్లలో మే నెల.
రాత్రి పదిన్నరైనా బండలు పెనం మాదిరి కాగతానే ఉండాయి,
కుండలో నీళ్లు గూడా వెచ్చనే.
ఆ పొద్దు ఊర్లో సల్లగా ఉండింది
మా హుసేనప్ప ఎడమకాలు ఒక్కటే.

బండ పడినా నోరు తెరవనోడు
"మస్తానీ" అని అరిసినాడు.
పిక్కలో కత్తి దించినట్టుందంట.
కాసేపటికి చీమలంట.
ఇంకాసేపటికి ఆ చీమలు గూడా లేవంట.

ఫోను లైటేసి చూసినా.
కుడికాలు ఎప్పటి నలుపే.
ఎడమది సున్నం కొట్టినట్టు పాలిపోయింది.
ఇరవై ఏండ్లు బండలకు పాలిష్ పట్టిన చెయ్యి నాది,
యాడ పగులుందో కండ్లు మూసుకుని చెప్తా.
మోకాలికి జానెడు కింద నా చెయ్యి నిలబడిపాయ.
ఆడికి వెచ్చన. ఆణ్ణించి సలవ.
గీత గీసినట్టు.

పక్కింటి ఓబుళమ్మ ఆముదం కాంచి తెచ్చింది,
ఎవరో ఉప్పుమూట కట్టినారు,
వాతమన్నారు.

అప్పుడొచ్చినాడు
గేటుకాడ టీ అమ్మే మాబుసాబు.
చంకకర్ర గోడకానించి, ఉన్న కాలు మడిచి కూచోని,
పాదం మీద రెండు వేళ్లు పెట్టినాడు,
గోడవతల మాటలు ఇనేవాడి మాదిరి తల వంచి.
కుడిపాదం మీద పెట్టినాడు. మళ్లా ఎడమ.
"ఈడ కొట్టుకోవాల. కొట్టుకోలే.
బొటనేలు ఆడించు హుసేనూ."
మొగమంతా కష్టపడతాంది,
వేలు మాత్రం ఇంకెవరిదో.

"రుద్దొద్దు. కాపడం పెట్టొద్దు.
నాకు రాత్రంతా రుద్దినారు మా వోళ్లు, ప్రేమగానే.
తెల్లారేసరికి నల్లబడింది.
గుండెదడ మాత్ర ఎప్పుడు మానేసినాడు?"

రెండు నెల్లు.
ఖర్చని మానేస్తే, సరేలే అనింది నేనే.

"పదిన్నర. డాక్టరుకు ముందు ఆ మాట చెప్పు.
ఆరు గంటలు దాటితే కాలు మనది గాదు."

బండల లారీలో పోయినాం, కాలు కిందికి ఏలాడేసి.
కమలాపురం దాటినా సలవే.

కడపలో తొడకాడ కోసి గడ్డ తీసినారు,
తడి జలగ మాదిరి ఉండింది.
డాక్టరమ్మ పాదం మీద నీలం పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి
"ఈడ కొట్టుకుంటాంది, చూస్తా ఉండు" అనింది.

చిటికెన వేలు పాయ, దాని పక్కది పాయ.
నాలుగు స్నానాలకు గుర్తూ పాయ.
అయినా రోజూ ఆయన నిద్దరపోయినంక
ఆ జాగాలోనే వేళ్లు పెడతా.
సన్నగా, పిట్టగుండె మాదిరి కొట్టుకుంటాంటాది.

పొద్దున్నే టీకి పోతా.
మాబుసాబు "ఎట్లుంది?" అంటాడు.
"నడుస్తాండాడు" అంటా, అంతే.
ఏలికింద తగిలే ఆ కొట్టుకునేది
ఆయనకు యెట్ట చెప్పేది?