ఎంగిలి

షాపులో తినింది.
మాల్కం పట్టుకారుతో రొయ్యపిల్లని అందిస్తే
పొడుగు ముక్కు చాచి టక్కున లాక్కుంది,
ఇద్దరం చూశాం.
నలభై ఎనిమిది పౌన్లు.
అమ్మిన ప్రాణి వాపసు తీసుకోబడదని
బిల్లు మీద ఎర్రసిరా ముద్ర.

ఇంటికొచ్చి పన్నెండు రోజులు.
ఏదీ ముట్టలేదు.

క్లీథోర్ప్స్‌లో సముద్రం
మా ఇంటికి మూడు వీధుల అవతలే.
అయినా మురహరి ప్రతి ఆదివారం
కొళాయి నీళ్ళలో డబ్బా ఉప్పు కలిపి
వంటింట్లో వేరే సముద్రం తయారుచేస్తాడు.
ఆ బురదనీళ్ళు దీనికి పడవట,
వెచ్చటి చోట పుట్టిందట.
జనవరిలో మా ఇల్లంతటికీ వెచ్చగా ఉన్నది
ఆ గాజుపెట్టె ఒక్కటే.

తెల్లటి ఒంటికి రాగిరంగు పట్టీలు.
వెనక రెక్క మీద నల్లటి దొంగకన్ను.
ఏ కన్నుతో నన్ను చూస్తోందో
ఏ కన్నుతో చూడనట్టు నటిస్తోందో.

గడ్డకట్టిన రొయ్యలు కరిగించి పెట్టాను.
ఎర్రపురుగులు తెచ్చాను, వాటిని చూసి నేనే తినడం మానేశాను.
వెల్లుల్లి రసంలో నానబెట్టి చూడమన్నారెవరో.
ఆ వాసనకి మురహరి, పప్పు పోపనుకుని
కంచం పట్టుకుని వచ్చాడు.
చేప రాలేదు.

ఆకలి రుచెరగదంటారు.
ఆ మాట దీని చెవిన ఎవరూ వెయ్యలేదు.
చెవులెక్కడున్నాయో నాకూ తెలీదు.
"లంఖణం పరమౌషధం" అన్నాడు మురహరి
ఫోనులోంచి తలెత్తకుండా.
పొట్ట కింద గుంట పడుతోంది,
రోజూ కొంచెం,
వాడిన సబ్బుబిళ్ళ అరిగినట్టు.

పగలు గ్రిమ్స్‌బీ ఫ్యాక్టరీలో
షిఫ్టుకి నలభై వేల చేపముక్కలు
రొట్టెపొడి పూసుకుని నా ముందు నుంచి పోతాయి.
వంకరవి ఏరడం నా పని.
ఎవరెవరి పిల్లలో ఆ రాత్రి
మారాం చేస్తూనే తినేస్తారు.
గ్లవ్సు తీసి రెండుసార్లు కడిగినా
వేళ్ళకి కాడ్ వాసన పోదు.
ఆ వేళ్ళతోనే ఇంటికొచ్చి
ఒక చేపని బతిమాలతాను.

లైన్లో నా పక్కన నిలబడే దనూత
టీ తాగుతూ నా ఫోనులో ఫొటో చూసింది.
"ఆ ముక్కు గిన్నెలో తినే ముక్కు కాదు,
సందుల్లోంచి తవ్వుకునే ముక్కు" అంది.
దనూత ఎప్పుడూ చేపల్ని పెంచలేదు.
వాళ్ళ ఊళ్ళో కొంగల్ని చూసింది, అంతే.

శుక్రవారం అరకిలో ఆల్చిప్పలు కొన్నాను.
వెన్న రాసే చాకుతో ఒకదాన్ని తెరవబోతే
ముందు నా బొటనవేలు తెరుచుకుంది.
సగం చిప్పని రబ్బరుబ్యాండుతో రాయికి కట్టి దింపాను.
మిగతావాటిలో మిరియాలేసి మురహరి కూర చేశాడు.

చేప వచ్చింది.
చిప్పకి జానెడు దూరంలో ఆగింది.
నేను ఊపిరి బిగబట్టాను.
ఒళ్ళు తిప్పి దొంగకన్ను నాకు చూపించింది.

అప్పుడు తెలిసింది, తప్పు తిండిది కాదేమో.
పన్నెండు రోజులుగా దాని ముందు
ఒక పెద్ద మొహం, గాజుకి ముక్కు ఆనించి.

కుర్చీ అటు తిప్పుకున్నాను.
ఒళ్ళో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీశాను.
ఆర్పేసిన టీవీ అద్దంలో
వెనకాల ఏదో తెల్లగా కదిలింది,
ఆగింది, కదిలింది.
అంతకంటే ఏమీ తెలీలేదు.
చిక్కుడుకాయలు అయిపోయాయి.
ఒలిచినవే మళ్ళీ ఒలిచాను.

పొద్దున చిప్ప పైకి తీశాను.
లోపల ఒక సన్యాసి పీత కూడా ఉంది.
దాని పనే అయ్యుండొచ్చు, ఒప్పుకోను.
పీత అయితే పీకుతుంది.
ఇక్కడ మెత్తటి కండ నిండా
సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు,
అంచున వదిలేసిన పీచు.

ఎంగిలి తగిలితే చెయ్యి కడుక్కోమనే ఇంట్లో పెరిగాను.
ఆ చిప్పని అరచేతిలో పెట్టుకుని
వంటింటి లైటు కింద తిప్పి తిప్పి చూశాను.
మురహరిని లేపి చూపించాను.
"కడిగెయ్" అని అటు తిరిగి పడుకున్నాడు.

కడగలేదు.
ఆరున్నర బస్సు పోయింది.