అక్రోటు కర్ర

శనివారం పదకొండింటికి
సొలొలాకీ వీధి మొదట్లో నిలబడి తలలు లెక్కపెట్టుకుంటాను.
ఇవాళ పధ్నాలుగు.
ఒకావిడవి ఎత్తు మడమల చెప్పులు.
చెప్పినా వినలేదు,
త్బిలిసీ రాళ్లే చెబుతాయిలే అనుకున్నాను.

పైకి చూడండి, అంటాను.
నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే.
పైన ఇనుప ద్రాక్షతీగల బాల్కనీ,
దాని కింద పెచ్చులూడిన సింహం మొహం,
ముక్కు పోయినా పొగరు పోలేదు.
పక్కనే ఎవరో ఆరేసిన పసుపు దుప్పటి.
అది చరిత్ర కాదు కాబట్టి
దాని గురించి ఏమీ చెప్పను.

తలుపు బరువు. భుజంతో తోయాలి.
లోపల పిల్లుల వాసన, ఉల్లిపాయలు వేగుతున్న వాసన.
ఫోన్ల దీపాలు వెలిగితే
గోడల మీద నీలం లేచి నిలబడుతుంది:
నెమళ్లు, ఒక సరస్సు, ఎన్నడూ రేవు చేరని పడవ.
నేలలో రంగురాళ్లు పొదిగి రాసిన లాటిన్ స్వాగతం,
మొదటి అక్షరాన్ని
వందేళ్ల చెప్పులు తినేశాయి.

పాఠం నాకు నోటికొచ్చు:
పొగాకు వ్యాపారి, పందొమ్మిది వందల మూడు,
కూతురి పెళ్లిలోగా పూర్తి కావాలన్న తొందర.
తర్వాత రాజ్యం మారింది,
ఒక ఇల్లు తొమ్మిది కాపురాలైంది,
ఒకే తలుపుకి తొమ్మిది గంటలు, ఇవిగో చూడండి,
ఒక్కోదాని కింద ఒక్కో ఇంటిపేరు, ఒక్కో చేతిరాత.

"మెట్ల రెయిలింగు పైనుంచే మొదలైందేం?"
ప్రతి శనివారం ఎవరో ఒకరు అడుగుతారు.
దొంగలు, అంటాను.
ఆరేళ్లుగా అంటున్నాను.

ఇవాళ పైమెట్టు మీద బకెట్టు చప్పుడైంది.
మూడో అంతస్తు లామారా గారు.
"జాగ్రత్త, తడి" అన్న మాట తప్ప
మా మధ్య ఇంకో మాట లేదు ఇన్నాళ్లూ.

"దొంగలెవరూ రాలేదు నాయనా. మేమే.
తొంభై మూడు, జనవరి.
కరెంటు లేదు, గ్యాసు లేదు,
రొట్టె కోసం రాత్రంతా వరుసలో నిలబడేవాళ్లం.
ముందు పుస్తకాల అరలు తగలబెట్టాం,
తర్వాత పడగ్గది నేల చెక్కలు,
ఆ తర్వాత ఇది.
ఒతారి రంపం తెచ్చాడు. వడ్రంగి కొడుకు.
కోసేముందు చేత్తో నిమిరాడు,
గొర్రెని నిమిరినట్టు.
అక్రోటు కర్ర. ఎంత మంచి కర్రో!
పొగే రాలేదు.
తొమ్మిది ఇళ్లకి నాలుగు రాత్రులు వచ్చింది."

"మరి పైది ఎందుకు వదిలేశారు?"

"పైన ఫెఫెలో ముసలమ్మ ఉండేది, కళ్లు లేవు.
మరుగుదొడ్డి రెండో అంతస్తులో.
అక్కడిదాకా ఆవిడకి కావాలిగా."

ఎవరూ ఫొటో తీయలేదు.
మెట్లెక్కి కోసిన చోటు ముట్టుకున్నాను.
నున్నగా ఉంది.
గరుకు కాగితంతో ఎవరో గుండ్రంగా రుద్దారు,
అరచేతికి గుచ్చుకోకుండా.
ఏ దొంగ రుద్దుతాడలా?
ఆరేళ్లు. చూశాను. ముట్టుకోలేదు.

"సరే, జరగండి, తుడవాలి," అంది లామారా గారు.
నీళ్లు మెట్టు మెట్టూ దిగి
మిగిలిన అక్షరాల మీద పరుచుకున్నాయి.

బయట ఎండ.
పైకి చూడండి, అనబోయి
తలలు లెక్కపెట్టాను. పదమూడు.
ఎత్తు మడమల ఆవిడ లోపలే ఉండిపోయింది,
ఒట్టి పాదాలతో, చెప్పులు చేత్తో పట్టుకుని,
నేల ఆరేదాకా.