లేని గాలి

బయట దుమ్ముగాలి. ఇక్కడ తూజు అంటారు.
కువైట్ మొత్తం జల్లించని గోధుమపిండి రంగులో ఉంది.
లోపల, మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో
మేం వేరే గాలి తయారుచేస్తాం.

ఒక ఇనుప చెయ్యి, దాని చివర పిడి.
తెరమీద ఒక చుక్క, జానెడు దూరంలో మరో చుక్క.
ఇక్కణ్ణించి అక్కడికి పోవాలి, అంతే.
పోతూ ఉంటే పిడి కుడికి తోస్తుంది.
కంటికి ఆనదు, చెంపకి తగలదు,
మణికట్టుకి మాత్రమే తెలిసే గాలి.

పదిహేడో మనిషి దూదేకుల ఖాసింవలి,
అరవై మూడేళ్ళు, ఊరు ప్రొద్దుటూరు.
ఫర్వానియాలో ఇరవై ఏడేళ్ళుగా దిష్‌దాషాలు కుడుతున్నాడు.
కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే
బొటనవేలూ చూపుడువేలూ ఊరికే బియ్యం ఏరుతుంటాయి.
పేరు రాయం, నంబరు చాలు, అన్నాను.
"అకామాలో కూడా అంతేలేమ్మా."

"ఇదేం గాలమ్మా, కనపడకుండా తోస్తాంది!
మా తూజే నయం. కండ్లల్లో పడి, చెప్పి మరీ కొడ్తాది."

మొదటి యాభై గీతలూ కొడవళ్ళు.
కాలేజీ పిల్లలైతే నలభైకల్లా సూటిగా గీసేస్తారు,
ఏదో మోసముందని పసిగట్టి, విరుగుడు ఆలోచించి.
ఆయన ఆలోచించడం మానేసిన చోట,
నూట పదో గీత దగ్గర, గీత నిటారైంది.
డాక్టర్ నెర్మిన్ కళ్ళజోడు నుదుటికెత్తి చూసింది.
వయసు ముందుగా తినేది ఉపాయాన్ని.
అలవాటు దానికి అంత తొందరగా దొరకదు.

మెడ పైన, పుర్రె అడుగున, చిన్నమెదడు.
పేరులోనే చిన్నతనం.
మెదడు కణాల్లో సగానికి పైగా కాపురం అక్కడే.
అది చూసి నేర్చుకోదు,
తప్పి నేర్చుకుంటుంది.

ఇదంతా చెప్పబోతే ఆయనే అందుకున్నాడు:
"పాలిస్టరు జారతాది గదా.
జారినాక పట్టుకుంటే కత్తెర తప్పినట్టే.
జారకముందే చెయ్యి అడ్డం పోవాల.
యాడ జారతాదో నాకు తెలీదు. చెయ్యికి తెలుసు."
ఆ ముక్క కోసం నేను ఒక సెమిస్టరంతా చదివాను.

తర్వాత, చెప్పకుండా, గాలి ఆపేశాను.
చేతికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు.
గీత ఎడమకి విరుచుకుపడింది.
లేని గాలిని తోస్తోంది చెయ్యి.
"తప్పు నాదేనా?"
కాదు కాదు. మేం కొలిచేదే దీన్ని.
చెయ్యి నిజంగా నేర్చుకుందనడానికి
అవసరం పోయాక చేసే పొరపాటే సాక్ష్యం.

పిడి వదిలేసి కాసేపు కూర్చున్నాడు.

"పోయిన తూరి ఊరికి పోయింటి, రెండు నెల్లు.
ఈడ కింది మంచం నాది, పైన నేపాలు పిల్లోడు.
లేసేటప్పుడు తల వంచకపోతే ఇనుము తగుల్తాది.
ఊర్లో మిద్దెమీద చాప. పైన చుక్కలే.
అయినా లేస్తే తల వంచుతా.
మా బీబీజాన్ చూసి అడిగె,
నమాజుకింకా పొద్దుంది గదా,
ఎవురికి వంగుతాండావు? అని."

ఎన్నాళ్ళకి పోయింది ఆ అలవాటు, అడిగాను,
ఫారంలో ఆ గడి లేకపోయినా.
"పోలా. అది పోయేలోపల నేనే తిరిగొస్తి."

ఇంకా ముప్పై గీతలు మిగిలాయి. గీశాడు.
ఎడమ తగ్గుతూ తగ్గుతూ ఇరవై ఆరోదానికి సూటైంది.
ఫైలు దాచాను.

వెళ్తూ నా తెల్లకోటు గుండీ వేలాడటం చూశాడు.
జేబులో సూది ఉంది, ఉండదా మరి.
దారం తీసేటప్పుడు చెయ్యి వణికింది.
బెజ్జం ఎదురయ్యేసరికి
వేళ్ళు బియ్యం ఏరడం మరిచిపోయాయి.

ఎందుకో నాకు తెలుసు, కొంత.
ఆరోగ్యవంతుల పట్టీలోంచి పదిహేడుని కొట్టేయాలి.
నరాల డాక్టరు చిరునామా చీటీ సొరుగులో ఉంది,
దాంతో పాటు చెప్పాల్సిన మాట ఒకటి.

ఆయన దారం కొరికేదాకా ఆగాను.