పులుపు లెక్క

సల్వాలో మూడంతస్తుల ఇంటి అడుగున
నా వంటగది.
చింతపండు వేళ్ళతో పిసికి చెప్తా
నిరుటిదో, ఈ యేటిదో.
మచ్బూసులోకి ఎండు నిమ్మకాయలు
నల్లవైతే ఎన్ని, తెల్లవైతే ఎన్ని
మేడమ్ నన్నే అడగాల.
నా పేరు ఓబులమ్మ.
ఆమె నోటికి, ఉబ్లా.

ఇంత పులుపు తెలిసినదానికి
ఒంట్లో పులుపు పేరుకుంటాంటే తెలియలే.

ఒక శుక్రవారం, ఇంకా తెల్లారలే.
అజా వినబడింది, లేద్దామంటే
కాళ్ళు లేవలే.
నొప్పి లేదు, గిల్లితే తెలుస్తాంది,
తడిసిన గోనెసంచులు రెండు
ఎవరో నా పరుపు మీద దించిపోయినట్టు.
డ్రైవరు షఫీకుల్ వీపున మోసి కారెక్కించినాడు,
ఎండదెబ్బ దీదీ, అన్నాడు.
జనవరిలో ఎండేంది నాయనా.

సూడాను డాక్టరమ్మ ఇల్హామ్.
ఆమెకూ నాకూ నడుమ రాజోలు నర్సు కెజియా.
చీటీ మీద రెండు అంకెలు రాసి చూపించినారు:
నెత్తురు పుల్లగా ఉంది,
ఒంటేలు పుల్లగా లేదు.
ఉండాల్సింది తిరగేసి.

తిన్న ముద్ద ముద్దా కాస్త పులుపు వదుల్తాదంట,
కిడ్నీ దాన్ని ఏ రోజుది ఆ రోజు పారబోయాలంట.
నా దాంట్లో తూము పూడింది.
నెత్తురు పులిసిపోకుండా
ఎముకలు తమ సున్నం గీకి గీకి అప్పిస్తా వచ్చినాయి,
ఆ సున్నమే కిందికి దిగి రాళ్ళు కట్టింది.
నిరుడు గ్యాసనుకుని జీలకర్ర నమిలిన నొప్పి
అదీ.
ఇంక పొటాషియమంటే,
దొరికిన సందులోంచి జారుకుంది
కాళ్ళను వెంటబెట్టుకుని.

పోతా పోతా డాక్టరమ్మ వెనక్కి తిరిగి అడిగింది:
ఉల్లిపాయలు కోస్తావు కదా,
కళ్ళు కారుతాయా?

కారవు.
మూడేళ్ళాయె, ఐదు కిలోలు తరిగినా కారవు.
చెయ్యి తిరిగిందనుకున్నా.
చెల్లెలు పోయిందని ఫోనొచ్చిన రాత్రి కూడా
కళ్ళలో ఇసుక తిరిగింది గాని
చుక్క రాలే.
రాతిగుండె దానా అని
నన్ను నేనే తిట్టుకున్నా.

గుండె కాదంట.
ఒంట్లో కాపలావాళ్ళే, ఇంటోళ్ళను దొంగలనుకుని,
కన్నీటి ఊట మీద, నోటి తడి మీద,
చివరికి కిడ్నీ మీద పడినారంట.
కెజియా ఇంకా ఏమేమో చెప్తాంది,
నేనక్కడే ఆగిపోయినా.

ముందు పొటాషియం, నరంలోకి, మెల్లగా.
సోడా తర్వాతే.
తారుమారైతే కాళ్ళతో ఆగదు, ఊపిరి దాకా పోతాది.
సోడా సీసా ముందు పట్టుకున్న కుర్ర డాక్టరు వైపు
ఆమె ఒక చూపు చూసింది.
ఆవాలు చిటపటలాడకముందే
మినప్పప్పు పోసేదాన్ని నేను చూసే చూపు.
అప్పుడు నమ్మకం కుదిరింది నాకు.

రెండో రోజు బొటనవేలు.
నాలుగో రోజు గోడ పట్టుకుని బాత్రూము.

ఇప్పుడు పూటపూటకీ మందు.
ఒకటి బోండాల పిండిలో కలిపే సోడానే,
చిటికె మాత్రం వాళ్ళది.
ఇంకొకటి నిమ్మఉప్పుకు చుట్టం.
నాలుక మీద పుల్లగా దిగి
లోపలికి పోయి పులుపునే విరిచేస్తాది.
ఇన్నేళ్ళు పొయ్యి ముందర నిలబడి
ఈ కిటుకు తెలియలే నాకు.

బతికినన్నాళ్ళూ తాగాల్నా అంటే
ఉప్పు మానేస్తావా అక్కా, అంది కెజియా.

నిన్న ఉల్లిపాయలకు కూర్చునే ముందు
ఆసుపత్రోళ్ళిచ్చిన చుక్కలు
కంటికి రెండేసి వేసుకున్నా.
తల వంచంగానే కారినాయి.
తుడుచుకోలే.

మేడమ్ లోపలికొచ్చి నిలబడిపోయింది.
ఉబ్లా, ఎందుకేడుస్తున్నావు?

చెల్లెలు చనిపోయింది, అన్నా.

అయ్యో, ఎప్పుడు?

రెండేళ్ళయింది మేడమ్.