తలకింత

డులూత్‌లో మంచు కురుస్తోంది.
నేలమాళిగలో, బాయిలర్ పక్కన
ఓర్విల్ హేగెన్ పోల్కా పెట్టాడు.
తెర మూలన అంకె: నలభై ఒకటి.

పాటకింత, వినే తలకింత.
కొత్త రేట్ల కాగితం
కాఫీ కప్పు కింద తడుస్తోంది.
నలభై రెండు.
ఒకప్పుడైతే ఈల వేసేవాడు,
ఇప్పుడు గుమ్మంలో అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

వాయించినవాడి కూలి ఎగ్గొట్టాలని కాదు.
తనూ అకార్డియన్ మోసినవాడే,
పెళ్ళిళ్ళలో తెల్లార్లూ వాయించి
ఉత్త సూపు తాగి ఇంటికొచ్చినవాడే.

నలభై మూడు.
ఎవరమ్మా నువ్వు, ఈ వేళప్పుడు?

పాట ఆపేశాడు.
కిటికీ తెరిచి మైకు బయట పెట్టాడు.
చీకట్లో సరస్సు,
దాని మీద గడ్డ పగులుతున్న చప్పుడు.
దీనికి హక్కుదారు ఎవరూ లేరు,
ఇంకా.

ఒక్కరూ వెళ్ళిపోలేదు.
ఓర్విల్ వణుకుతూ కోటు వెతుక్కుంటున్నాడు.